ఒంట్లో క్యాన్సర్.. అయినా దేశానికి గోల్డ్! ఇండియన్ ఫుట్‌బాల్‌కి అటాక్, డిఫెన్స్ నేర్పిన హైదరాబాద్ మాస్టారు రహీం సాబ్ కథ

1962 సెప్టెంబర్ 4. ఇండోనేషియా రాజధాని జకార్తా. స్టేడియంలో దాదాపు లక్ష మంది జనం. అందులో ఇండియాకి చప్పట్లు కొట్టేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. జాతీయ గీతం వస్తున్నా అరుపులు, ఈలలు ఆగలేదు. ఎదురుగా దక్షిణ కొరియా. సరిగ్గా ఇదే టోర్నీ మొదటి మ్యాచ్‌లో ఇండియాని 2-0తో ఓడించిన టీమ్. ఇప్పుడు ఏషియన్ గేమ్స్ ఫైనల్‌లో మళ్లీ అదే టీమ్.

గ్రౌండ్ పక్కన బెంచ్ మీద ఓ 53 ఏళ్ల మనిషి కూర్చున్నారు. సన్నగా చిక్కిపోయారు. దగ్గు ఆగడం లేదు. క్యాన్సర్ అప్పటికే ఆయన్ని లోపల నుంచి తినేస్తోంది. అయినా ఆయన చూపు మాత్రం బంతి మీద లేదు.. బంతి లేని చోట తన కుర్రాళ్లు ఎక్కడ నిలబడ్డారన్న దాని మీదే ఉంది.

ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లకి రహీం సాబ్. వృత్తి.. హైదరాబాద్‌లో స్కూల్ టీచర్. ఇండియన్ ఫుట్‌బాల్ చరిత్రలో ఆయన్ని మించిన కోచ్ లేడని ఇప్పటికీ చెప్పుకుంటారు. 2024లో అజయ్ దేవగణ్ హీరోగా వచ్చిన మైదాన్ సినిమా ఈయన కథే. సినిమా చూసినవాళ్లకి ఎమోషన్ గుర్తుంటుంది. కానీ ఆయన గ్రౌండ్‌లో అసలు ఏం నేర్పారు? అటాక్ అంటే ఏంటి, డిఫెన్స్ అంటే ఏంటి అని కుర్రాళ్లకి ఎలా చెప్పారు? అది చాలామందికి తెలియదు.

బ్లాక్‌బోర్డు నుంచి గ్రౌండ్‌లోకి

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పటికి అది నిజాం రాజ్యం. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకున్నారు, యూనివర్సిటీ టీమ్‌కి ఆడారు. చదువయ్యాక టీచర్ ఉద్యోగం. కాచిగూడ, చాదర్‌ఘాట్ లాంటి చోట్ల స్కూళ్లలో పాఠాలు చెప్పారు. తర్వాత ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా చేసి ఆటల వైపు వచ్చేశారు.

ఆటగాడిగా ఆయన పేరు దేశమంతా మోగిపోలేదు. కానీ ఆటను చదివే బుర్ర మాత్రం ఆయనది. 1940ల మొదట్లోనే హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యారు. చివరి దాకా ఆ బాధ్యత వదల్లేదు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌కి కోచ్ అయ్యారు. అక్కడి నుంచి సీన్ మారిపోయింది.

అప్పటిదాకా ఇండియాలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్.. పేర్లన్నీ అక్కడివే. అలాంటిది దక్కన్ నుంచి వచ్చిన ఓ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ ఎత్తుకుపోయింది. ఢిల్లీలో డ్యూరాండ్ కప్ కూడా గెలిచింది. 1956-57, 1957-58 సీజన్లలో వరసగా రెండుసార్లు సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌కే వచ్చింది. డబ్బున్న క్లబ్ కాదు, పెద్ద స్టేడియం లేదు. మరి ఎలా గెలిచారు? సమాధానం ట్రైనింగ్‌లో ఉంది.

డ్రిబ్లింగ్ చేస్తే ఫౌల్!

ఆ రోజుల్లో మన దగ్గర హీరో అంటే ఎవరు? బంతి దొరికితే ఎవరికీ ఇవ్వకుండా నలుగురిని తప్పించుకుని పరిగెత్తేవాడు. జనం ఈలలు కూడా వాడికే. రహీం సాబ్ సరిగ్గా ఆ అలవాటు మీదే దెబ్బకొట్టారు. కుర్రాళ్లకి డ్రిబ్లింగ్ లేని మ్యాచ్‌లు పెట్టారు. బంతి వచ్చిందా, వెంటనే పాస్ ఇవ్వాలి. కాలి దగ్గర పెట్టుకుని షో చేయడం కుదరదు.

వినడానికి సింపుల్‌గా ఉంది కదా? కానీ ఒకే టచ్‌లో పాస్ ఇవ్వాలంటే బంతి రాకముందే తల ఎత్తి చూడాలి. మనవాడు ఎక్కడున్నాడు, ఎదుటివాడు ఎటు వస్తున్నాడు అని ముందే లెక్క వేసుకోవాలి. మిగతా పదిమందీ ఊరికే నిలబడితే పాస్ ఇచ్చేవాడికి దారే ఉండదు. అంటే ఈ ఒక్క రూల్‌తో టీమ్ మొత్తం కదలడం నేర్చుకుంటుంది. అలవాటైపోయాక రూల్ తీసేసినా ఆ కదలిక పోదు.

రెండోది.. బలహీనమైన కాలితో ఆడే పోటీలు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలి. మొదట్లో అందరూ తడబడతారు. నెల తిరిగేసరికి రెండు కాళ్లూ పనిచేస్తాయి. డిఫెండర్‌కి వీడు ఎటు తిరుగుతాడో అంతుపట్టదు. మూడోది.. ఎత్తును బట్టి పిల్లలకి టోర్నమెంట్లు. పొట్టిగా ఉన్న కుర్రాడు ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్ల మధ్య నలిగిపోకుండా, ముందు ఆట నేర్చుకునే ఛాన్స్ అది.

టాలెంట్ ఎక్కడున్నా పట్టేవారు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆయన కంట్లో పడ్డాడు. ప్రాక్టీస్‌కి రావడానికి కుర్రాడి దగ్గర డబ్బుల్లేకపోతే, సైకిల్ అద్దెకి రహీం సాబే తన జేబులోంచి ఇచ్చేవారని చెబుతారు. ఆ సైకిల్ కుర్రాడే తర్వాత రెండు ఒలింపిక్స్ ఆడాడు. ఇండియా చూసిన గొప్ప ఫార్వర్డ్‌లలో ఒకడయ్యాడు.

గోదావరి జనానికి అర్థమయ్యేలా.. అటాక్ అంటే ఇదీ

ఫుట్‌బాల్ కోచింగ్‌లో అటాక్‌కి, డిఫెన్స్‌కి కొన్ని మూల సూత్రాలుంటాయి. ఫార్మేషన్ ఏదైనా, దేశం ఏదైనా ఇవి మారవు. మన డెల్టా వాళ్లకి వీటిని అర్థం చేసుకోవడం పెద్ద కష్టం కాదు. రోజూ చూసే గోదావరే చాలు.

ధవళేశ్వరం దాటాక గోదావరి ఏం చేస్తుంది? గౌతమి, వశిష్ఠ అంటూ పాయలుగా విడిపోతుంది. ఆనకట్ట దగ్గర మొదలైన కాలువలు అటూ ఇటూ పరుచుకుంటాయి. అందుకే నీళ్లు డెల్టా అంతా అందుతాయి. అటాక్ కూడా అంతే. బంతి మన దగ్గర ఉన్నప్పుడు గ్రౌండ్‌ని ఎంత వెడల్పు చేస్తే అంత మంచిది. వింగర్లు గీత దాకా జరగాలి. అప్పుడు ఎదుటి డిఫెండర్లు కూడా ఒకరికొకరు దూరమవుతారు. మధ్యలో సందు దొరుకుతుంది. వెడల్పు ఒక్కటే సరిపోదు.. లోతు కూడా కావాలి. అందరూ ఒకే వరసలో నిలబడితే పాస్ ఎవరికి ఇవ్వాలి? ఒకడు ముందు, ఒకడు వెనక, ఒకడు పక్కన ఉంటేనే బంతి ఉన్నవాడికి మూడు దారులుంటాయి.

ఇక డిఫెన్స్. వరద రోజుల్లో ఏటిగట్టుకి గండి పడితే ఊళ్లో వాళ్లు ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. ముందు ఇసుక బస్తాలు వేసి నీటి వేగం తగ్గిస్తారు. ఒక్కసారిగా ఆపలేరు, కాస్త ఆలస్యం చేస్తారు. ఈలోగా మిగతావాళ్లు వచ్చి వెనక రెండో వరస కడతారు. అయితే ఊరంతా ఆ ఒక్క గండి దగ్గరికే పరిగెత్తితే? ఇంకోచోట గట్టు తెగితే చూసే దిక్కుండదు. అందుకే కొందరు అక్కడే కాపలా ఉండాలి. డిఫెన్స్ సూత్రాలు కూడా ఇవే. బంతి పోగానే దగ్గర్లో ఉన్నవాడు ఎదుటివాడి వేగాన్ని తగ్గించాలి, తొందరపడి కాళ్ల మీద పడిపోకూడదు. రెండోవాడు వెనక అండగా ఉండాలి. మిగతావాళ్లు మధ్యలోకి దగ్గరగా జరిగి సందులు మూసేయాలి. అవతలి వైపు ఒకడైనా కాపు కాయాలి.

బంతి ఉంటే పరుచుకోవాలి.. బంతి పోతే ముడుచుకోవాలి. అంతే! కానీ పదకొండు మందీ ఒకేసారి, క్షణంలో చేయాలి. అక్కడే ఉంది కష్టం. రహీం సాబ్ టీమ్‌లకి ఉన్న తేడా కూడా అదే.

హెల్సింకీ నేర్పిన పాఠం

1951 మార్చిలో ఢిల్లీలో తొలి ఏషియన్ గేమ్స్ జరిగాయి. శైలేన్ మన్నా కెప్టెన్, రహీం కోచ్. ఇండోనేషియాని 3-0, అఫ్గానిస్థాన్‌ని 3-0 కొట్టి ఫైనల్‌కి వెళ్లారు. ఫైనల్‌లో ఇరాన్ మీద 1-0. సాహు మేవాలాల్ గోల్. ఇండియాకి గోల్డ్!

ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లేవియా చేతిలో ఇండియా 10-1 తేడాతో చిత్తుగా ఓడిపోయింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. అక్కడేమో చలి, తడి గడ్డి, ఎదురుగా యూరప్‌లోనే బలమైన టీమ్. మన దేశంలో అప్పట్లో మ్యాచ్‌లు తొంభై నిమిషాల కన్నా తక్కువ సేపే జరిగేవి. ఒంట్లో అంత దమ్ము అలవాటు లేదు.

ఆ ఓటమి తర్వాత ఆటగాళ్లు బూట్లు వేసుకోవడం తప్పనిసరి అయింది. అయితే బూట్లు వేసినంత మాత్రాన గోల్స్ ఆగవు కదా. అసలు లోపం నిలబడే తీరులో ఉంది. అందుకే రహీం ఫార్మేషన్ మీద పడ్డారు.

అప్పట్లో అందరూ ఆడేది డబ్ల్యూ-ఎం పద్ధతి. వెనక ముగ్గురు డిఫెండర్లు, వాళ్ల ముందు ఇద్దరు హాఫ్‌లు, పైన ఇద్దరు ఇన్‌సైడ్‌లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు. సెంటర్ ఫార్వర్డ్ గోల్ ముందు నిలబడతాడు, ఎదుటి సెంటర్ హాఫ్ వాణ్ని పట్టుకుని ఉంటాడు. ఎవరి జోడీ వాళ్లకి ఫిక్స్. 1953లో హంగేరీ లండన్ వెంబ్లీలో ఇంగ్లండ్‌ని 6-3తో కొట్టినప్పుడు ప్రపంచం నోరెళ్లబెట్టింది. వాళ్ల సెంటర్ ఫార్వర్డ్ హిడెకుటి ముందు నిలబడకుండా వెనక్కి దిగి ఆడాడు. వెనకే వెళ్తే డిఫెన్స్ మధ్యలో ఖాళీ.. వెళ్లకపోతే వాడికి ఫ్రీగా బంతి. ఇంగ్లండ్ డిఫెండర్‌కి ఎటూ పాలుపోలేదు.

మన దగ్గర ఈ వెనక్కి దిగే సెంటర్ ఫార్వర్డ్ ఎత్తుగడని ఆ రోజుల్లోనే వాడిన కోచ్ రహీం. తర్వాత ఇండియాని 4-2-4 వైపు నడిపించారు. వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు. 1958 వరల్డ్ కప్‌లో బ్రెజిల్ గెలిచాక ప్రపంచమంతా కాపీ కొట్టిన పద్ధతి ఇది. ఇంటర్నెట్ లేదు, మ్యాచ్ వీడియోలు లేవు. ఓ హైదరాబాద్ టీచర్ ఈ ఆలోచనల్ని తన కుర్రాళ్ల కాళ్లకి అలవాటు చేశారు.

రాష్ట్రం పుట్టి సరిగ్గా నెల.. మెల్‌బోర్న్‌లో సంచలనం

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. గోదావరి జిల్లాలు, హైదరాబాద్ ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. సరిగ్గా నెల రోజులకి, డిసెంబర్ 1న మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాతో తలపడింది. మొదటి రౌండ్‌లో హంగేరీ రాకపోవడంతో వాకోవర్ దొరికింది. ఆస్ట్రేలియా మీద మాత్రం లక్ ఏమీ లేదు, మొత్తం ఆటే. 4-2తో గెలుపు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్! ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ కొట్టిన తొలి ఆసియా ఆటగాడు అతనే. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్‌కి చేరిన తొలి ఆసియా దేశం ఇండియానే.

సెమీస్‌లో మళ్లీ యుగోస్లేవియా. నాలుగేళ్ల కిందట పది గోల్స్ వేసిన టీమ్. ఈసారి ముందు గోల్ కొట్టింది ఇండియా! ఆ ఆధిక్యం నిలవలేదు, చివరికి 4-1తో ఓడిపోయారు. కంచు పతకం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0 ఓటమి. నాలుగో స్థానం. పతకం చేజారింది కానీ, 10-1 నుంచి ఇక్కడి దాకా వచ్చిన దూరం మామూలుది కాదు. ఆ టీమ్‌లో బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్ లాంటి హైదరాబాద్ ఆటగాళ్ల బలగమే ఉంది.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో గ్రూప్ దాటలేదు. అయినా హంగేరీతో 2-1 దాకా పోరాడారు. ఫ్రాన్స్‌ని 1-1తో నిలువరించారు. మ్యాచ్ చివర్లో సమం కాకపోయి ఉంటే ఫ్రాన్స్ మీద గెలుపే. ఇండియా పురుషుల ఫుట్‌బాల్ టీమ్ ఒలింపిక్స్ ఆడటం అదే ఆఖరు.

జకార్తా.. ఆఖరి పాఠం

1962 ఏషియన్ గేమ్స్ వచ్చేసరికి రహీం ఆరోగ్యం పాడైపోయింది. అయినా టీమ్‌తో వెళ్లారు. మొదటి మ్యాచ్‌లోనే కొరియా చేతిలో ఓటమి. అదీ చాలదన్నట్టు బయట రాజకీయ గొడవ. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లని ఇండోనేషియా రానివ్వలేదు. దాన్ని భారత క్రీడాధికారి గురుదత్ సోంధీ గట్టిగా తప్పుపట్టారు. దాంతో అక్కడి జనం కోపం ఇండియా మీదకి తిరిగింది. భారత ఎంబసీ మీద కూడా దాడి జరిగింది. అలాంటి ఊళ్లో, అలాంటి జనం మధ్య ఆడాలి.

థాయ్‌లాండ్ మీద 4-1తో గెలిచారు. కానీ డిఫెన్స్‌కి వెన్నెముక లాంటి జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జపాన్ మీద 2-0. సెమీస్ ముందు ప్రశ్న.. కుట్లతో ఉన్న స్టాపర్‌తో ఏం చేయాలి? ఆడిస్తే డిఫెన్స్‌లో హెడర్లకి తల అడ్డుపెట్టాలి, ప్రమాదం. కూర్చోబెడితే అంత ధైర్యమున్న మనిషి టీమ్‌లో ఉండడు.

ఇక్కడే రహీం బుర్ర చూడాలి. జర్నైల్‌ని తీసి ముందు పెట్టారు. సెంటర్ ఫార్వర్డ్‌గా! డిఫెండర్ ఎలా ఆలోచిస్తాడో బాగా తెలిసినవాడు డిఫెండరే కదా. వెనక భారం అరుణ్ ఘోష్ లాంటివాళ్లు మోశారు. అటాక్, డిఫెన్స్ వేరు వేరు ఉద్యోగాలు కావు, ఆట తెలిసినవాడు ఎక్కడైనా ఆడగలడన్న నమ్మకం అందులో ఉంది. ఏళ్ల తరబడి ఆయన నేర్పింది కూడా అదే. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2 గెలుపు. అందులో ఒక గోల్ జర్నైల్‌దే.

ఫైనల్‌కి మరో మార్పు. పొడవాటి గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌ని మళ్లీ దింపారు. ఫైనల్ ముందు రోజు రాత్రి ఆటగాళ్లని కూర్చోబెట్టి తనకి ఒక్క బహుమతి కావాలని అడిగారట.. రేపటి గోల్డ్. ఆయన ఒంట్లో ఏం జరుగుతోందో చూస్తున్న కుర్రాళ్లకి వేరే స్పీచ్ ఏం కావాలి?

17వ నిమిషంలో పీకే బెనర్జీ గోల్. 20వ నిమిషంలో జర్నైల్ గోల్. తలకి కట్టుతోనే! మూడు నిమిషాల్లో 2-0. ఆ తర్వాత గంటకు పైగా జరిగింది గట్టు కాపలా. కొరియా వరదలా వచ్చి పడింది. యూసుఫ్ ఖాన్, అరుణ్ ఘోష్, తంగరాజ్.. అందరూ సందులు మూస్తూ నిలబడ్డారు. చివర్లో కొరియా ఒక్క గోల్ కొట్టగలిగింది. 2-1. లక్ష మంది నోరు మూయించి చునీ గోస్వామి టీమ్ గోల్డ్ మెడల్ తీసుకుంది.

ఆయనతోనే వెళ్లిపోయిందా?

తర్వాత తొమ్మిది నెలలు మాత్రమే రహీం సాబ్ బతికారు. 1963 జూన్ 11న హైదరాబాద్‌లో కన్నుమూశారు. వయసు 53. ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఫుట్‌బాలరే. రోమ్ ఒలింపిక్స్ టీమ్‌లో ఉన్నారు, తర్వాత ఫిఫా రిఫరీ అయ్యారు. 2021లో ఆయన చనిపోయారు. రహీం శిష్యుడు పీకే బెనర్జీ తర్వాత దేశంలోనే పేరున్న కోచ్ అయ్యారు.

రహీం తయారుచేసిన తరం 1964 ఏషియన్ కప్‌లో రన్నరప్‌గా నిలిచింది. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో మరో హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్సీలో కంచు వచ్చింది. అంతే. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఇండియాకి 1962 తర్వాత మళ్లీ గోల్డ్ రాలేదు. అరవై ఏళ్లు దాటిపోయాయి.

ఎందుకిలా? జవాబు ఒక్కటే అని చెప్పలేం. కానీ ఒక్క విషయం మాత్రం క్లియర్. రహీం కప్పుల దగ్గర మొదలుపెట్టలేదు. స్కూల్ గ్రౌండ్ దగ్గర మొదలుపెట్టారు. డ్రిబ్లింగ్ లేని మ్యాచ్, ఎడమకాలి పోటీ, ఎత్తును బట్టి పిల్లల టోర్నీ.. వీటిలో దేనికీ కోట్లు అక్కర్లేదు. ఓ బంతి, ఓ ఖాళీ స్థలం, ఓపికున్న ఓ మాస్టారు ఉంటే చాలు.

రాజమండ్రిలోనో, అమలాపురంలోనో, భీమవరంలోనో ఇవాళ సాయంత్రం ఏ స్కూల్ గ్రౌండ్‌లోనైనా ఇవి మొదలుపెట్టొచ్చు. పక్కవాడికి పాస్ ఇవ్వడం నేర్పిన చోటే ఆట మొదలవుతుంది. రహీం సాబ్ హైదరాబాద్ కుర్రాళ్లకి ముందు నేర్పింది కూడా అదే.